కాగితము నడచు దారిని గీసి చూపుడు

కొన్ని సంవత్సరములుగా మన సహకార సంఘముల కచేరీలలోనికి కంప్యూటరు వచ్చి కూర్చున్నది. చిట్టా, ఆవర్జా, అప్పుల పుస్తకము, ఎఱువుల నిలువ పుస్తకము ఒక్కొక్కటిగా దానిలోనికి ఎక్కుచున్నవి. 2022 వ సంవత్సరము జూను నెల 29 వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో సుమారు 63,000 సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సంఘములన్నింటికిని ఒకే తీరు లెక్కల విధానముండవలెననియు, ఆ లెక్కలు జిల్లా కేంద్ర బ్యాంకులతోను, రాష్ట్ర బ్యాంకులతోను, నాబార్డుతోను కలియవలెననియు దాని యుద్దేశము. దీనిని మేము ఆక్షేపించువారము కాము. చెదలు తినిన పుస్తకములను, కొట్టివేతలు గల లెక్కలను, రైతు ఎఱుగకుండ అతని పేర వ్రాసిన అప్పులను మనవారు చాల చూచియున్నారు. మంచి చేతిలో నున్న యంత్రము మంచిదే.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. పూర్వము రైతు సంఘమునకు వచ్చి, "నా బాకీ యెంత?" అని యడిగిన, గుమాస్తా పుస్తకము తెఱచి, పుట త్రిప్పి, వ్రేలితో చూపెడివాడు. చదువు రానివాడును అది తన పుటయని ఎఱిగియుండెను. ఇప్పుడడిగిన, "పైన ఉన్నది" అనుచున్నారు. తప్పు పడినదనిన, "పైనుండి రావలెను" అనుచున్నారు. ఈ "పైన" అనునది ఎక్కడ? అచ్చటికి మన మాట ఏ దారిని పోవుచున్నది? ఎవరి చేతులు దాటుచున్నది? మరల ఏ దారిని దిగి వచ్చుచున్నది? ఈ ప్రశ్నలకు కార్యవర్గమువారును, కొన్ని చోట్ల గుమాస్తాయు కూడ తిన్నగా బదులు చెప్పజాలకున్నారు. వారిని నిందించుట మా యభిప్రాయము కాదు. దారి కంటికి కనబడనప్పుడు ఎవరు మాత్రము చెప్పగలరు? కావున ప్రతి సంఘమును తన కాగితములు నడచు దారిని ఒక పటముగా గీయించి కచేరీ గోడపై నిలుపవలెననియు, ఆ పని ముగిసిన పిమ్మటనే లెక్కలను యంత్రమున కప్పగింపవలెననియు మేము గట్టిగా తలచుచున్నాము.

ఈ తలంపు మాకు ఊరక కలిగినది కాదు. జరిగిన సంగతి యొకటి చెప్పెదము. అడవి యంచున ఉన్న ఒక సంఘమున, దాని పేరుతో మనకు పనిలేదు, వానాకాలపు ధాన్యము అమ్మి రెండు నెలలైనను ఒక సభ్యునకు సొమ్ము చేరలేదు. కొనుగోలు కేంద్రమువారు మిల్లుపై చెప్పిరి. మిల్లువారు కేంద్రముపై చెప్పిరి. బ్యాంకువారు మాకేమియు రాలేదనిరి. ఆ రైతు ఆఱు మారులు మండలమునకు తిరిగి, ఆఱు దినముల పని పోగొట్టుకొనెను. సర్వసభ్య సభలో ఈ మాట వచ్చినప్పుడు కోపతాపములు మిక్కుటమైనవి. దొంగతనమను మాట కూడ వినబడినది. అప్పుడు సభ్యురాలైన ఒక ముసలమ్మ లేచి, "నాయనలారా, అరచుకొననేల? ఎవరు ఎవరికేమిచ్చిరో నేలమీద గీసి చూపరాదా?" అనెను. గోదాము వసారా ఊడ్చి, ముగ్గుపిండి తెచ్చి, అందఱును చుట్టు చేరిరి.

మొదట రైతునకొక చదరము గీసిరి. అతని పైరును సర్వే నంబరుతో వ్రాసికొనిన వ్యవసాయ విస్తరణాధికారికి మఱియొక చదరము. పిదప కొనుగోలు కేంద్రము. అచ్చట టోకెను ఇచ్చుట, తేమ చూచుట, కాంటా వేయుట. తేమ నూటికి 17 పాళ్లు మించరాదు గదా, ఆ లెక్క ఏ చీటిపై పడుచున్నదో అదియు గీసిరి. అచ్చటినుండి లారీతో ట్రక్కు షీటు మిల్లునకు పోవుట, మిల్లువారు ముట్టినదని ఒప్పుకొనుట, ఆ ఒప్పుదల మరల లెక్కలోనికి వచ్చుట, పౌర సరఫరాల సంస్థ సొమ్ము విడుచుట, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుట. గీయుచుండగనే సగము మందికి ఒక సంగతి క్రొత్తగా తెలిసినది. సొమ్మునకు తూకపు చీటి చాలదు. మిల్లువారి ఒప్పుదల వెనుకకు వచ్చినగాని సొమ్ము కదలదు. ఇది ఎఱుగక రైతులు కేంద్రపు గుమాస్తాను తిట్టుచుండిరి.

అంతటితో కథ ముగియలేదు. ఆ రైతు బ్యాంకు శాఖ మాఱుటచే అతని ఖాతా సంఖ్య మాఱినది. క్రొత్త సంఖ్యను అతడు సంఘమునకు తెలిపెను. గుమాస్తా అప్పుల పుస్తకములో దిద్దెను. ఇరువురును తమ పని తాము చేసిరి. కాని సంఘపు పుస్తకమునుండి కొనుగోలు కేంద్రపు లెక్కకు ఒక గీతయు లేదు. కేంద్రమును నడుపునది ఆ సంఘమే. అయినను రెండు లెక్కలు రెండు ద్వీపములవలె ఉన్నవి. దిద్దిన సంఖ్య ఇచ్చట నిలిచిపోయినది. పాత సంఖ్య అచ్చట పనిచేయుచున్నది. అందఱును నేలపై ముగ్గులో ఆ ఖాళీ చోటును చూచిరి. దొంగ లేడు; లేనిది ఒక గీత. ఆ దినమే క్రొత్త సంఖ్య పంపబడినది, కొన్ని వారములలో సొమ్ము చేరినది. అదే కొఱతచే మఱి కొందఱి సొమ్మును నిలిచియున్నట్లు కూడ బయటపడినది. రెండు నెలల తగవు ఒక గంటలో తేలినది. ముసలమ్మ మాట మేము అప్పటినుండి మఱవలేదు.

ఇట్లు పనిని గీతలలో చూపు విద్య ముగ్గుపిండితో మనమే కనిపెట్టితిమని చెప్పము. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అను దంపతులు 1921 వ సంవత్సరమున, కర్మాగారములో ఒక పని మొదటినుండి చివరివఱకు నడచు తీరును గుఱుతులతో గీసి చూపు పద్ధతిని అచ్చటి యంత్రశాస్త్రజ్ఞుల సంఘము ముందు ఉంచిరి. పిదప కంప్యూటర్లు వచ్చినవి. ఒక కచేరీ లెక్కలను యంత్రమునకు నేర్పవలెనన్న, ఆ కచేరీ పని తీరును ముందుగా వ్రాయవలెను. ఆ వ్రాత వందల పుటలు కాగా, చేయించుకొనువారు చదువలేక సంతకము పెట్టెడివారు, యంత్రము సిద్ధమైన పిదప, "మా పని ఇట్లు కాదే!" అని తల పట్టుకొనెడివారు. ఈ చిక్కు తీర్చుటకే 1976 లో పీటర్ చెన్ అను పండితుడు వస్తువులకును వాని సంబంధములకును పటము గీయు విధమును ప్రకటించెను. 1979 లో టామ్ డిమార్కో ఒక గ్రంథమునను, క్రిస్ గేన్, ట్రిష్ సార్సన్ అనువారు వేఱొక గ్రంథమునను సమాచారము పాఱు దారులను గీయు పద్ధతిని విపులముగా తెలిపిరి. వీరి యుద్దేశము ఒక్కటే. పని ఎఱిగినవాడు యంత్రము నెఱుగడు. యంత్రము నెఱిగినవాడు పని నెఱుగడు. ఇరువురును కలిసి చూడదగినది పటము. తప్పును యంత్రములో దిద్దుటకంటె పటములో దిద్దుట సులువు.

ఆ గుఱుతులు నాలుగే. మన బాసలో చెప్పిన, బయటి మనిషికిగాని కచేరీకిగాని ఒక చదరము. చేయు పనికి ఒక గుండ్రము. దాచి ఉంచు పుస్తకమునకు రెండు అడ్డగీతలు. ఒకచోటినుండి మఱియొకచోటికి పోవు సమాచారమునకు బాణము. ప్రతి బాణముపైనను దాని పేరు వ్రాయవలెను: టోకెను, తూకపు చీటి, ఒప్పుదల, రసీదు. పేరు పెట్టలేని బాణము ఉన్నదన్న, అచ్చట ఏమి నడచుచున్నదో ఎవరికిని తెలియదన్నమాట. చిన్నబడి పిల్లవాడు అరగంటలో నేర్వగల విద్య యిది.

గుఱుతులకంటె వాని నియమములు మనకు ఎక్కువ పనికివచ్చును. మొదటి నియమము: ఒక పనిలోనికి బాణములు పోవుచు, వెలుపలికి ఒకటియు రాకున్న, అది లోతు తెలియని బావి. మన యర్జీలు పడి మరల తేలని చోట్లన్నియు ఇట్టివే. రెండవ నియమము: లోనికి ఏమియు పోక, ఒక పనినుండి లెక్క వెలుపలికి వచ్చుచున్న, అది గాలిలో పుట్టిన లెక్క. పైరు వేయని భూమిపై ధాన్యము అమ్మినట్లును, అప్పు పుచ్చుకొనని రైతు పేర బాకీ ఉన్నట్లును వ్రాతలు కనబడిన, అవి ఇట్టి చోటనే పుట్టును. మూడవ నియమము: ఒక పుస్తకమునుండి ఇంకొక పుస్తకమునకు బాణము తనంతట తాను పోరాదు, నడుమ ఒక పని, ఆ పనికి ఒక బాధ్యుడు ఉండవలెను. మేము చెప్పిన సంఘమున కొఱతపడినది ఇదియే. రెండు పుస్తకములును ఉన్నవి, నడుమ పని లేదు, ఆ పని నాదన్నవాడు లేడు. ఈ మూడు నియమములను కంఠస్థము చేసిన సభ్యుడు, కంప్యూటరును ఎన్నడును ముట్టకున్నను, సంఘపు లెక్కలను ప్రశ్నింపగలడు.

పటము పెద్దదై కన్ను చెదరునని భయపడవలదు. దానికిని ఉపాయము కలదు. గ్రామపటములో ఊరంతయు ఒక్క చూపున కనబడును. ఒక పొలము హద్దులు కావలెనన్న టిప్పను తెఱచెదము. అట్లే మొదటి పటమున సంఘమంతయు ఒకే గుండ్రముగా నుంచి, చుట్టును రైతు, బ్యాంకు, మిల్లు, ఎఱువుల కంపెనీ, సర్కారు కచేరీ ఉంచవలెను. రెండవ పటమున ఆ గుండ్రమును విప్పి, అప్పులు, ధాన్యము, ఎఱువులు అని వేఱువేఱుగా చూపవలెను. అవసరమైన చోట మూడవది.

పటమన్న చదివినవారి సొత్తు, మనకెందుకని కొందఱందురు. మన ఆడవారు ప్రతి ఉదయమును చుక్కలు పెట్టి గీతలు కలుపుచున్నారు. ఒక చుక్క తప్పిన ముగ్గు మూయదు. తప్పు ఎక్కడనో చూడగనే వారికి తెలియును. 1980 వ దశకపు చివరినుండి రాబర్ట్ చాంబర్స్ మొదలగువారు పల్లె ప్రజలచేత వారి ఊరి పటమును నేలపైననే గీయించు పద్ధతిని దేశదేశముల ప్రచారము చేసిరి. చదువురానివారు తమ ఊరి ఇండ్లను, బావులను, పొలములను, అడవి దారులను అధికారుల కంటె సరిగా గీసిరని ఆ పద్ధతి నవలంబించినవారు పలుమారు వ్రాసిరి. నేలపై గీసిన పటమునకు ఇంకొక గుణము కలదు. కాగితము ఒకరి చేతిలో ఉండును; నేల అందఱి ముందును ఉండును. తప్పనిపించిన ఎవరైనను చేతితో తుడిచి గీయవచ్చును.

రైతులే తమ సమాచారమును తామే ఏర్పాటు చేసికొని నడిపిన దృష్టాంతము తెలుగునాటనే కలదు. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఈ శతాబ్దపు మొదటి దశకమున రైతులే భూగర్భ జలమును లెక్కించు పథకమొకటి నడచినది. రైతులు, వారిలో స్త్రీలును, వానమాపకమును చూచి వ్రాసిరి. బావులలో నీటిమట్టము కొలిచిరి. ఆ లెక్కలను ఊరి నడుమ బోర్డుపై వ్రాసిరి. యాసంగికి ముందు అందఱును కూడి, నీరెంత యున్నది, ఏ పైరునకెంత కావలెనని పద్దు వేసిరి. బలవంతము లేదు, జుల్మానా లేదు. అయినను బోర్డుపైని లెక్క చూచి పెక్కుమంది వరి తగ్గించి ఆరుతడి పైరులు వేసిరి. లెక్క దొర డైరీలో నుండిన రైతు మాఱడు. తన చేతితో కొలిచి ఊరి బోర్డుపై వ్రాసిన లెక్కను నమ్మును. మా పటము విషయమునను ఇదే న్యాయము.

ఇక మన సీమకు ఈ పని ఎల్లెడలకంటె ఎక్కువ అవసరమనుటకు కారణములు చెప్పెదము. ఖమ్మము సీమ నిజాము రాజ్యమున నుండెను. గోదావరి ఆవలి భద్రాచల సీమను నిజాము 1860 లో ఆంగ్ల ప్రభుత్వమునకిచ్చెను. అది పిదప మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరి, 1959 లో ఖమ్మము జిల్లాలో కలిసెను. అందుచే ఈ ఒడ్డున పహాణీ, ఆ ఒడ్డున అడంగలు. ఒకే పైరు లెక్కకు రెండు పేర్లు, రెండు తీరులు. 2014 లో పోలవరము కారణముగా చుట్టుపట్టు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచల పట్టణము తెలంగాణములో నిలిచి, దాని మండలమందలి తక్కిన గ్రామములు ఆవలకు పోయినవి. 2016 లో కొత్తగూడెము కేంద్రముగా భద్రాద్రి జిల్లా వేఱైనది. ప్రతి మాఱు కచేరీ మాఱినది, కాగితము మాఱినది, రైతు మాత్రము అదే పొలములో నున్నాడు. ఇల్లు ఒక రాష్ట్రమున, సంత ఇంకొక రాష్ట్రమున నున్నవారు మనలో కలరు. అట్టివాని కాగితమేది ఏ కచేరీకి పోవునో గీసి చూపకున్న అతడు తిరుగుచునే యుండును.

అడవి భూముల సంగతి మఱింత చిక్కు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13 వ తేదీకి ముందునుండి అడవిభూమి సాగుచేయుచున్న గిరిజనుడు తన హక్కు నడుగవచ్చును. ఆ యర్జీ దారిని చూడుడు. గ్రామసభ యెన్నుకొనిన అటవీ హక్కుల కమిటీ దానిని పుచ్చుకొని పొలము చూచును, గ్రామసభ తీర్మానించును, అది సబ్‌డివిజను కమిటీకి, అచ్చటినుండి జిల్లా కమిటీకి పోవును. ఇవి పైకి పోవు బాణములు. చట్టమున దిగివచ్చు బాణములును ఉన్నవి. అర్జీని త్రోసివేసినను, మార్చినను, ఆ సంగతి అర్జీదారునకు స్వయముగా తెలుపవలెననియు, అతడు 60 దినములలోపల పై కమిటీకి చెప్పుకొనవచ్చుననియు నిబంధనలలో నున్నది. కాని ఎందఱికి తెలిపిరి? 2019 ఫిబ్రవరి 13 న సుప్రీముకోర్టు, అర్జీలు త్రోసివేయబడినవారిని అడవినుండి తొలగింపవలెనని యుత్తరువు చేసినది. అదే నెల 28 న దానిని నిలిపివేసి, అర్జీలను ఏ విధముగా త్రోసివేసితిరో తెలుపుడని రాష్ట్రముల నడిగినది. పదునైదు దినముల నడుమ లక్షల కుటుంబముల బ్రతుకు ఊగిసలాడినది. వెనుకకు రావలసిన ఒక బాణము రాకున్న ఏమగునో ఇంతకంటె గట్టి నిదర్శనము వలదు. త్రోసివేసిన సంగతియే తెలియనివాడు 60 దినములను ఎన్నటినుండి లెక్కించును?

పట్టాభూముల లెక్కలోనైనను నేర్చుకొనదగినది కలదు. 2020 అక్టోబరులో తెలంగాణములో ధరణి మొదలైనది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే చోట ఒకే దినమున జరుగుట మంచి పనియే. కాని ఆ నాటి చట్టము రెవిన్యూ కోర్టులను తీసివేసినది. వ్రాతలో తప్పు పడినవారు దిద్దుకొను దారి తెలియక కచేరీల చుట్టును, సివిలు కోర్టుల చుట్టును తిరిగిరి. 2025 లో వచ్చిన భూభారతి చట్టమున అప్పీళ్లకు మరల చోటు కల్పింపబడినది. రాజకీయపు మాట మాకు వలదు. మేము చెప్పునది ఇంతే: పైకి పోవు బాణములు చక్కగా గీసి, దిగివచ్చు బాణమును మఱచిన పటము ఎంత పెద్ద యంత్రముపై నిలిచినను మరల గీయవలసినదే. ముందుగా పల్లెటూరి గోడపై గీసి నలుగురికి చూపియుండిన, "తప్పు పడిన ఎక్కడికి పోవలెను?" అని మొదటి దినముననే ఒక రైతు అడిగియుండును.

పటములో ఇంకొక సంగతి బయటపడును. ఎవరికి చదరము లేదు? పట్టాదారునకు చదరముండును. భూమి దున్ని, ఎఱువు వేసి, ధాన్యము కల్లమునకు తెచ్చిన కౌలురైతునకు పెక్కు పటములలో చదరమే లేదు. పోడు భూమి పట్టా పొందిన కోయ రైతునకు ఒక కచేరీ పటములో చదరముండి, మఱియొక కచేరీ పటములో ఉండదు. తెలుగక్షరములు రాని కొండరెడ్డి అమ్మ రసీదుపై వ్రేలిముద్ర వేయును గాని, ఆ రసీదు దేనికో ఎఱుగదు. మాటలలో ఇట్టివారిని మఱచిపోవుట సులువు, పటమున వారి పేరు కనబడకున్న, చుట్టు నిలిచినవారిలో ఎవరో ఒకరు "మా సంగతి యేమి?" అని తప్పక అడుగుదురు.

ఇంత చెప్పినను పటమును దేవతగా చేయుట మాకిష్టము లేదు. దానిలోను మోసములు కలవు. పై కచేరీవారు రంగులతో అచ్చువేసి పంపిన పటము చూచుటకింపుగా నుండును గాని, అది నడవవలసిన దారిని చూపును. నడచుచున్న దారిని చూపదు. అందుచే రెండు పటములు గీయవలెను, ఒకటి నిబంధనల ప్రకారము, రెండవది వాస్తవముగా జరుగుచున్నట్లు. రెండింటికిని గల తేడాలోనే మన కష్టములన్నియు దాగియున్నవి. రెండవ మోసము కాలముది. ఈ సంవత్సరము గీసిన పటము వచ్చే సంవత్సరమునకు పాతదగును. దిద్దని పటము, మాఱిన హద్దులు చూపని గ్రామపటమువలె, తగవులు తీర్చుటకు బదులు తగవులు పెట్టును. మూడవది, పటము నీతిని పుట్టింపదు. తూకములో కోత కోయు చేతిని గీతలు ఆపవు. ఆ కోత ఏ చోట జరుగుచున్నదో మాత్రము వ్రేలితో చూపగలవు. అంతవఱకే దాని పని.

ఈ పని మొదలుపెట్టినచో గుమాస్తాలకు సమయమెక్కడిదని కొందఱు కార్యవర్గ సభ్యులనవచ్చును. నిజమే, కొనుగోలు దినములలో వారికి తిండికైనను తీరిక లేదు. కాని అదే రైతు అదే మాటను ఆఱు మారులు వచ్చి అడుగుచుండగా, ఆఱు మారులు బదులు చెప్పుటకు సమయమెక్కడనుండి వచ్చుచున్నది? ఒక దినము కూర్చుండి గీసిన ఆ దినములన్నియు మిగులును. ఇంకను, దారి గోడపై నున్నప్పుడు తనది కాని తప్పునకు గుమాస్తా తిట్లు తినవలసిన పని లేదు. పటము రైతునకెంత రక్షణయో, నిజాయితీగల గుమాస్తాకును అంతే రక్షణ.

కావున మా సూచనలు ఇవి. ప్రతి సంఘమును రాబోవు కొనుగోలు కాలమునకు ముందు ఒక దినము నేర్పఱచి, సభ్యులను గోదాము వసారాకు పిలువవలెను. పట్టాదారులు, కౌలుదారులు, పోడు రైతులు, స్త్రీలు అందఱును రావలెను; కోయ సభ్యులున్న చోట వారి బాసలో చెప్పువాడుండవలెను. ధాన్యము దారిని మొదట, అప్పు దారిని పిదప, ఎఱువుల దారిని ఆ పిమ్మట ముగ్గుతో గీయవలెను. ప్రతి గుండ్రమువద్దను మూడు ప్రశ్నలు వేయవలెను: ఈ పని ఎవరిది? ఎన్ని దినములలో కావలెను? తప్పు పడిన దిద్దువాడెవడు? బదులు రాని చోట ఎఱ్ఱమన్నుతో గుఱుతు పెట్టవలెను. ఆ ఎఱ్ఱ గుఱుతులే కార్యవర్గమునకు ఆ సంవత్సరపు పని. సాయంకాలమునకు ఆ పటమును గోడకెక్కించి, దానిక్రింద తేదీ వేయవలెను. ఏటేట సర్వసభ్య సభలో అది మరల చదువబడి, దిద్దబడవలెను.

ఒక హెచ్చరిక. గోడపై దారులుండవలెను గాని మనుష్యుల గుట్టుండరాదు. ఎవరి బాకీ యెంత, ఎవరి ఖాతా సంఖ్య యేది, ఎవరి ఆధారు సంఖ్య యేది అను సంగతులు పటమున కెక్కరాదు. వీథి పేరు వ్రాయుదుము గాని ఇంటి పెట్టెలు తెఱచి చూపము గదా.

దీనికగు వ్యయము కొంచెము సున్నము, రెండు రంగులు, ఒక చిత్రకారుని దినకూలి. ఇంతకు మించి పై యధికారుల యనుమతియు వలదు. 1964 నాటి సహకార సంఘముల చట్టమున సంఘమునకు పరమాధికారము సర్వసభ్య సభయందే యున్నది. ఆ సభ తన కాగితముల దారిని తాను చూడగోరిన కాదనువారెవ్వరు? ఇంకను, కంప్యూటరు లెక్కలు ఏర్పఱచువారు మన సంఘమునకు వచ్చినప్పుడు, వారిని ఆ గోడముందు నిలిపి, "అయ్యా, మా పని యిట్లు నడచును, మీ యంత్రములో ఈ బాణము ఎక్కడ నున్నది?" అని అడుగవచ్చును. తెలిసి అడిగినవానికి బదులు చెప్పకుండుట ఎంతటివానికిని కష్టము.

సభ్యులారా! సంఘము మనది, ధాన్యము మనది, బాకీయు మనదే. మన పేర పోవుచున్న సమాచారము మాత్రము ఎవరిదో అన్నట్లు ఊరకుండుట తగునా? కాలువ నీరు ఏ తూము దాటి తన మడికి వచ్చునో ఎఱుగని రైతు లేడు. తూము పూడిన చోట పలుగు తీసికొని పోవుచున్నాడు. కాగితపు కాలువకును తూములున్నవి. అవి ఎక్కడనో తెలిసికొనిన నాడు, పూడిక తీయుటకు మనకెవ్వరి దయయు అవసరముండదు. అంతవఱకు "పైన ఉన్నది" అను మాటతో తృప్తిపడి ఇంటికి పోవలదని మా విన్నపము.